గద్ద కాళ్ల దగ్గర పిచ్చుక

ఊపిరి వదిలాను. చల్లని లోహం మీద ఆవిరి పరుచుకుంది...

ఆరిపోయింది.

ఈ పాత జర్మన్ కెమెరాను అమ్మమ్మ పొద్దున్నే నా రిపేరు బల్ల మీద పెట్టింది. "దీనిమీద ఏముందో చదివి చెప్పవే. మీ తాతయ్యనడిగితే సంతలో కొన్నానంటాడు, అంతే."

తాతయ్య పక్క గదిలో దగ్గుతున్నాడు.

చదవడం నా పనే. పైమూత మీద రెక్కలు చాచిన గద్ద — జర్మన్ సైన్యం ముద్ర. వెనక రెండు మాటలు — సైన్యం సొత్తు. షట్టర్ తెర మీద ఒక్క అక్షరం — గడ్డకట్టే చలిలోనూ పనిచేస్తుందని గుర్తు.

అంతవరకూ ధైర్యంగానే ఉన్నాను.

గద్ద కాళ్ల దగ్గర మాత్రం లోహం వేరేగా మెరుస్తోంది. అక్కడేదో ఉంటే ఎవరో అరగదీశారు. అరగదీసిన గీత ఉత్త కంటికి ఆనదు. ఊపిరి తగిలితే పైకి తేలుతుంది.

మళ్లీ ఊపిరి వదిలాను.

ఆవిరిలో ఒక ముక్కు... ఒక తోక... సూదితో గీసిన చిన్న పిచ్చుక.

మరోసారి ఊదాను. పిచ్చుకే.

పిచ్చుక — అమ్మమ్మను వాళ్లన్నయ్య పిలుచుకున్న పేరు. చెల్లెలి గుర్తుగా తన కెమెరా మీద పిచ్చుకను గీసుకున్నాడట. యుద్ధంలో ఒక తెల్లవారుజామున ఆ సైన్యం వాళ్లే తలుపు బాదారు. మెడలో కెమెరాతోనే ఆయన్ను తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. గద్ద ముద్ర, కెమెరా వాళ్ల చేతికి పోయాకే పడి ఉంటుంది. ఈ కథ వింటూనే నేను పెరిగాను.

తాతయ్యదీ ఆ సైన్యమే. అక్కడ వంటవాడినంటాడు. తుపాకీ పట్టలేదన్నాకే అమ్మమ్మ పెళ్లికి ఒప్పుకుందట.

ఆయనకు నీళ్లు కాచుకోవడం కూడా రాదు. ఇన్నేళ్లూ ఆ మాటకు ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం.

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నిజంగానే సంతలో కొన్నాడేమో. కొనే ఉంటాడు. పిచ్చుకను అంతకుముందే ఎవరో అరగదీసి ఉంటారు. ఏమో... నాకు భయంగా ఉంది. నన్ను భుజాల మీద మోసి పెంచిన మనిషంటే భయంగా ఉంది.

గుమ్మంలో అమ్మమ్మ.

"ఏమన్నా కనబడిందా?"

"గద్దొక్కటే అమ్మమ్మా. మిగతాదంతా అరిగిపోయింది."

పక్క గదిలో దగ్గు ఆగింది.

"ఏమేవ్, కాసిని వేడినీళ్లిస్తావా?" తాతయ్య గొంతు.

"వస్తున్నా" అంది అమ్మమ్మ. కదల్లేదు.

నా చేతిలోంచి కెమెరా తీసుకుంది. కళ్లజోడు వెతుక్కోలేదు. ఎక్కడని అడగలేదు. గద్ద కాళ్ల దగ్గర, సరిగ్గా ఆ చోటే, పెదవులు ఆనేంత దగ్గరగా పెట్టుకుంది —

మెల్లగా ఊపిరి వదిలింది.

చల్లని లోహం మీద ఆవిరి పరుచుకుంది...