తెలుసంటే వెళ్ళిపోతారు

సోమవారం పొద్దుటి నుంచి కనకరత్నం మొగుడికి ఛాతీ మీద ఒక ప్రశ్న, వీపు మీద దాని జవాబు ఉంటున్నాయి. "ఇతను టీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటాడు?" అన్నది ప్రశ్న. ఏడుకొండలు అద్దంలో చూసుకుని చొక్కా తొడుక్కుంటాడు. ప్రశ్న చొక్కా మీదికి వచ్చి కూర్చుంటుంది.

తప్పు తనదేనని కనకరత్నం ఒప్పుకుంటుంది. పన్నెండేళ్ళుగా ఆవిడ అంగన్‌వాడీలో ఆయా. ఆదివారం టీచర్ పరీక్ష. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక ఆయాగానే రిటైరవ్వాలి. పుస్తకమా, ఇటుకంత లావు. ఇంటర్ చదివే కూతురు స్ఫూర్తి జాలిపడి ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. పేజీ ఫొటో తీస్తే చాలు, ప్రశ్నలూ జవాబులూ విడదీసి అదే కార్డులు చేసి ఇస్తుంది.

అంగన్‌వాడీలో గుడ్డు ఉడికినా ఫొటో, పాలు పోసినా ఫొటో, పిల్లాణ్ణి బరువు తూచినా ఫొటో. ఫొటో పెట్టందే పని చేసినట్టు కాదు. ఆ చేతి అలవాటు పుస్తకంతో ఆగలేదు. పొయ్యిని తీసింది, గడపని తీసింది, పళ్ళు తోముకుంటున్న మొగుణ్ణీ వాకిట్లో జడ వేసుకుంటున్న కూతుర్నీ తీసింది. యాప్ అన్నింటినీ పాఠాలనే అనుకుంది, పాపం.

కార్డు కింద రెండు బటన్లు. "తెలుసు" నొక్కితే ఆ కార్డు నాలుగు రోజులు కనపడదు. "తెలీదు" నొక్కితే నిమిషంలో మళ్ళీ వస్తుంది. తెలిసేకొద్దీ ఎడం పెరుగుతుంది. కార్డులన్నీ అయిపోతే అడుగున హాల్ టికెట్ ఉంటుంది.

మొగుడి చక్కెర సంగతి తెలియకపోవడానికి ఆవిడేమన్నా నిన్న కాపురానికొచ్చిందా? మూడు చెంచాలు. "తెలుసు" నొక్కుతుంది. రంగులేసే మేస్త్రి కదా, ఏడుకొండలు బ్రష్షులు సంచిలో వేసుకుని లేస్తాడు.

"ఎక్కడికి?"

"తెలిసిపోయానుగా రత్నం. నాలుగు రోజులాగి వస్తా."

"అన్నం తిని పో."

"తింటూ కూర్చుంటే ఇంకా తెలుస్తాను," అని చెప్పులు వేసుకుంటాడు.

మధ్యాహ్నానికి పొయ్యి వెళ్ళిపోతుంది, సాయంత్రానికి గడప. పోషణ, టీకాలు, రక్తహీనత ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. శుక్రవారం ఏడుకొండలు చెప్పిన మాట ప్రకారం వచ్చి, గోడకి ఒక పూత వేసి, ఈసారి పదిహేను రోజులకి వెళ్తాడు.

స్ఫూర్తి మాత్రం కదలదు. ఆ పిల్ల ఛాతీ మీద "ఇప్పుడేం ఆలోచిస్తోంది?" అని ఉంది. కన్నతల్లికైనా అంతుచిక్కేదా అది? కనకరత్నం "తెలీదు" నొక్కుతూనే ఉంటుంది, కూతురు నిమిషానికోసారి గదిలోంచి వచ్చి ఎదురుగా నుంచుంటూనే ఉంటుంది. రెండేళ్ళుగా ఫోన్లోంచి తలెత్తని పిల్ల. ఆ యాప్ చేసినవాళ్ళు ఎక్కడున్నా చల్లగా ఉండాలని కనకరత్నం మనసులో అనుకుంటుంది.

ఐదు వందల సార్లు వచ్చాక స్ఫూర్తి తనే చెప్పేస్తుంది. "నువ్వు పాసవ్వాలని ఆలోచిస్తున్నానమ్మా."

తెలిసిపోయింది. ఇక చేసేదేముంది? స్ఫూర్తి పుస్తకాల సంచి తగిలించుకుని, తల్లి భుజం ఒకసారి నొక్కి వెళ్తుంది.

శనివారం ఒక్క కార్డు మిగులుతుంది. గడప లేని గుమ్మంలోంచి ఖాకీ బట్టల పెద్దమనిషి లోపలికి వస్తాడు. చంకలో టికెట్ల సంచి. ఛాతీ మీద "ఈయన ఎవరు?" అని ఉంది.

"మిమ్మల్ని నేను ఫొటో తియ్యలేదే," అంటుంది కనకరత్నం.

"పాత కార్డునమ్మాయ్. నీకు మరీ బాగా తెలుసు. అందుకే రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది."

నూజివీడు బస్టాండు. అప్పుడు ఆవిడ తట్టలో జామకాయలమ్మే పదేళ్ళ పిల్ల. బస్సు పది నిమిషాలాగేది. ఈ కండక్టర్ కాయ చేత్తో పట్టుకుని, "బోర్డు చదివితేనే కొంటా," అనేవాడు. ఏలూరుని తిరువూరంటే నవ్వేవాడు కాదు. అక్షరం మీద వేలు పెట్టి మళ్ళీ చదివించేవాడు. వేసవి దాటేసరికి ఆ పిల్లకి అక్షరాలన్నీ వచ్చాయి, ఆయనకి వేరే డిపోకి బదిలీ అయింది. ఆయన పేరైనా ఆవిడ అడగలేదు.

కనకరత్నం వేలు రెండు బటన్ల మధ్య ఆగుతుంది. తెలుసంటే ఈయన వెళ్ళిపోతాడు. తెలీదంటే హాల్ టికెట్ రాదు.

"తెలీదని నొక్కుతానండి. కాసేపు కూర్చోండి."

"చదివి కూడా చదవలేదంటే నేను కాయ కొనేవాణ్ణా?"

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"అరవై ఏళ్ళకి," అని ఆయన వెనక్కి తిరుగుతాడు.

ఖాకీ వీపు ఖాళీగా ఉంది. "ఇది నువ్వే రాయాలి," అంటాడు. కనకరత్నం కొంగున ముడేసుకున్న సుద్దముక్క తీసి రాస్తుంది: ఈయన నాకు చదువు చెప్పారు. అప్పుడు దండమైనా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను.

సుద్దముక్క పక్కన పెట్టి, రెండు చేతులూ జోడిస్తుంది. "మీ చలవ వల్లే ఇంతదాన్నయ్యానండి," అంటుంది. "తెలుసు" నొక్కుతుంది. రాసింది చెరగకుండా ఆయన నిటారుగా, మెల్లగా నడిచి వెళ్తాడు. హాల్ టికెట్ చేతికొస్తుంది.

ఆదివారం పరీక్ష హాల్లో కాగితాలివ్వరు. ఒక్కొక్కరి ముందు, వాళ్ళకి మొదట అక్షరం నేర్పిన మనిషి అటు తిరిగి కూర్చుని ఉంటాడు. ఒకామె వాళ్ళ నాయనమ్మ వీపు మీద, ఇంకొకామె ట్యూషన్ మాస్టారి వీపు మీద గబగబా రాస్తుంటారు. కనకరత్నం ముందు బెంచీ ఖాళీ.

"మీకు అక్షరం నేర్పినాయన రాలేదా?" అని పర్యవేక్షకురాలు అడుగుతుంది.

"నిన్ననే పంపేశానండి, బాగా తెలుసని."

ఆవిడ జాబితా చూసి తల ఊపుతుంది. "అయితే మీరు రాసే మనిషి కాదు, రాయించుకునే మనిషి. ఆ ముందు బెంచీలోకి జరగండి."

జరుగుతుంది. వెనక బెంచీ ఎక్కుతున్న చప్పుడు. కాళ్ళు నేలకి అందనివాళ్ళెవరో కూర్చుంటారు. మెడ కింద సుద్దముక్క ఆనుతుంది, ఒక సున్నా మెల్లగా చుట్టుకుంటుంది, దాని పక్కన ఇంకొక వంపు మొదలవుతుంది. ఆ వెనక మరో బెంచీ, దాని వెనక మరొకటి, హాలు దాటి, గేటు దాటి, రోడ్డు పొడవునా. ఆఖరి వరుసల్లో ఇంకా పుట్టని పిల్లలు సుద్దముక్కలు పట్టుకుని వంతు కోసం కూర్చుని ఉన్నారు. అక్షరం వంకర పోకుండా కనకరత్నం వీపు నిటారుగా పెడుతుంది.