షుగర్ పుట్టిల్లు

డ్రైవరు బస్సు డిపోకి పోక నెల దాటింది. కుడికాలి బొటనవేలికి పుండు. షుగర్. భార్య పొద్దున్నే పుండు కడిగి, కట్టు మార్చి, ఇంటి పని ముగించి కుట్టుమిషన్ ముందు కూలబడేది. సూది వేల్లో దిగినా ఉలిక్కిపడే ఓపిక లేదు.

సోమవారం వేలు తీసెయ్యాలన్నాడు డాక్టరు.

"బ్రేకు తొక్కే కాలండీ అది," అందామె. డాక్టరు తలెత్తకుండానే చీటీ రాసిచ్చాడు.

ఇంట్లో డ్రైవరు అక్క కూడా ఉంది. పాత భాషల పంతులమ్మ. ఆవిడ ఏ మాట పుట్టుక చెబితే ఆ వస్తువు పుట్టింటికి వెళ్లిపోయేది. ఓసారి పేపర్ అన్న మాట పపైరస్ అనే జమ్ము నుంచి పుట్టిందని చెబితే పుస్తకాలన్నీ తడి జమ్ముగడ్డి అయ్యాయి. ఎత్తి పారబోసేసరికి అందరికీ తాతలు దిగొచ్చారు. అప్పట్నుంచి ఇంట్లో ఆ ఊసెత్తొద్దన్నారు.

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తోముతూ మరదలే ఎత్తింది.

"వదినా, షుగర్ పుట్టిల్లెక్కడ?"

"వద్దమ్మాయ్. అది రాళ్ల కొంప. రక్తంలో రాళ్లు పుడితే మనిషే మిగలడు."

"ఇవాళ వేలంటారు, రేపు పాదమంటారు. నావల్ల కాదు వదినా."

"చెప్పక్కా," అన్నాడు డ్రైవరు గోడవైపు తిరిగి పడుకునే. "ఎటూ కోసేదే కదా."

పంతులమ్మ తమ్ముడి పాదం ఒళ్లో పెట్టుకుంది.

"షుగర్‌కి ముందు అరబ్బుల సుక్కర్. దానికి ముందు పారశీకుల షకర్. గ్రీకులు సాక్ఖరోన్ అన్నారు. సాకరిన్ అనే రసాయనం పేరు ఆ వంశమే. అన్నిటికీ మూలం సంస్కృతంలో శర్కర." పాదం గట్టిగా పట్టుకుంది. "మొదట్లో శర్కరంటే తీపి కాదురా. గులకరాయి. ఇసుక."

వంటింట్లో చక్కెర డబ్బా గరగరలాడింది. డ్రైవరుకి చెమటలు పోశాయి. చెమటతోపాటు సన్నటి ఇసుక జారింది, నుదుటి మీంచి, మెడ మీంచి, చివరికి పుండులోంచి. ఒక్కో పలుకు బయటపడుతుంటే ఆయన పళ్లు బిగబట్టాడు. అక్క పాదం వదల్లేదు. భార్య తుడిచి, పిండి, మళ్లీ తుడిచింది. పొద్దు వాలాక ఇసుక ఆగింది. ఆయన ఊపిరి ఆగలేదు.

మర్నాడు డాక్టరు పుండు చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మానుతోంది. వేలుండనివ్వండి. ఈసారి ఇసుక కడుక్కుని రండి."

మళ్లీ డ్యూటీకెక్కిన రోజు డ్రైవరు భార్యని వెంటబెట్టుకెళ్లి తన వెనక సీట్లో కూర్చోబెట్టాడు. రెండు స్టాపులు దాటకుండానే ఆమె కిటికీకి తలవాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. చివరి స్టాపులో అందరూ దిగిపోయారు.

"అమ్మగారిని లేపమంటారా?" అన్నాడు కండక్టరు.

డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి, చప్పుడు కాకుండా బస్సు తిప్పుకున్నాడు.