హద్దులమ్మ దిగిన గుంట

నేను ఒక హద్దురాయిని. కొండరాతి క్వారీలో పుట్టి, ఒంటి మీద ఉలితో అంకె చెక్కించుకున్నాను. ముప్పై ఏళ్ల కిందట, గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవి మొదట్లో నన్ను పాతారు. నాకు ఇవతల ఊరు. అవతల బావురుపిల్లులు, నీటికుక్కలు తిరిగే అభయారణ్యం.

మనుషులు రాయిని రాయిలా ఉండనిస్తారా! పీతలు పట్టే ఆడవాళ్లు నాకు పసుపు రాసి హద్దులమ్మను చేశారు. అడవిలోకి వెళ్లేముందు నా మొదట్లో పసుపు ముద్ద, ఒక గాజు పెట్టి "అమ్మా, ఎల్లొత్తాం" అనాలి. చెప్పకుండా వెళ్తే కాళ్లను బురద వదలదట. నాకు నవ్వొచ్చేది. రాయిని, నేనెవరిని పట్టుకుంటాను?

తర్వాత చమురు కంపెనీ వచ్చింది. బావి తవ్వాలనుకున్న చోటు నాకు అవతల, అభయారణ్యంలో పడింది. అక్కడ తవ్వకూడదు. అడవిని జరపలేరు కనక నన్ను జరిపారు. ఒక మధ్యాహ్నం నలుగురు కూలీలు నన్ను పెకలించి, పడవలో రెండు మైళ్లు లోపలికి తీసుకుపోయి పాతారు.

అక్కడ పక్షి కూడా కూయదు. మర్నాడు పొద్దున్నే నా నుదుటికి చల్లటి వేళ్లు తగిలాయి. పసుపు వాసన వచ్చింది. చుట్టూ బురదలో ఒక్క అడుగు గుర్తు లేదు. "అమ్మా, ఎల్లొత్తాం" అన్న మాట నా లోపలే వినిపించింది. రోజూ అదే వేళకు అవే వేళ్లు. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది.

ఏడాదికి హద్దు తేల్చడానికి సర్వే అధికారి వచ్చాడు. నేనున్న చోటే హద్దు అని రాస్తే బావురుపిల్లులు తిరిగే చోట డ్రిల్లింగే. అడవి కాపలాదారు సింహాద్రి వెంట పీతల నూకరత్నం కూడా వచ్చింది. నన్ను చూసి ముక్కున వేలేసుకుంది.

"అమ్మ ఇక్కడుందేంటండి! బురదలోకి దిగిపోయిందనుకుని ఆ గుంటకే పసుపెడతన్నామండి."

"ఏ గుంట?" అన్నాడు అధికారి.

"రండి సార్, చూపిత్తాను," అన్నాడు సింహాద్రి.

వాళ్లు వెళ్లిన కాసేపటికి నా కింద గునపం దిగినట్టు నొప్పి పుట్టింది. నా దగ్గర ఎవరూ లేరు. తవ్వుతున్నది అక్కడ. పసుపు పొర, బురద పొర, గాజు ముక్కలు, మళ్లీ పసుపు. "ఇన్నేళ్ల పసుపును ఎవడూ ఒక్క రోజులో పాతలేడు," అన్న అధికారి గొంతు నాలో పలికింది. హద్దు ఆ గుంటే అని రాశాడు. నన్ను వెనక్కి తెస్తానంటే నూకరత్నం వద్దందట. "అమ్మ గుంటలో ఉంది కదండి, ఆ రాయెందుకు?"

కొంచెం మనసు నొచ్చుకుంది. ఇప్పుడు గొంతు దాకా బురదలో ఉన్నాను. బావురుపిల్లి కూనలు నా నెత్తినెక్కి చేపల కోసం చూస్తుంటాయి.

కంపెనీ ఊరుకుంటుందా? మొన్న ఆ నలుగురు కూలీలే పసుపు ఆనవాలు తవ్విపారేయడానికి గుంట దగ్గరికి వచ్చారు. అక్కడ పార వేస్తే ఇక్కడ నా నెత్తి మీద దెబ్బ పడింది. "ఎల్లొత్తాం" అని ఒక్కడూ అనలేదు. మోకాళ్ల దాకా బురదలో దిగిపోయారు. "అమ్మా, తప్పైపోయింది, వదిలెయ్యి తల్లీ!" అని ఏడ్చారు. రెండు మైళ్ల అవతల, నాలుగు జతల కాళ్లు నా పట్టులో వణకడం నాకు తెలుస్తూనే ఉంది.