కదిలిస్తే వెలిగే నీళ్లు

మామగారిని కదిలించకూడదన్నది ఆ ఇంట్లో చట్టం. అత్తగారు పోయిన దగ్గర్నుంచీ ఆయన నోరు విప్పడం మానేశారు. అంతకుముందు ఆయన వాచీలు బాగుచేసే కొట్టుకు జనం వాచీ కోసం ఒకసారి వస్తే, కబుర్ల కోసం పదిసార్లు వచ్చేవారు. ఇప్పుడు కొట్టు మూసేశారు. పరామర్శకు వచ్చిన చుట్టాలందరూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ గుసగుసగా ఒకటే చెప్పి వెళ్లారు: "ఆయన్ని కదిలించకండి." ఆయనకు చెవుడు లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

కోడలిది సముద్ర జీవుల మ్యూజియంలో ఉద్యోగం. అక్కడ మరమ్మతులు జరుగుతున్నాయని తన సీసాలు తెచ్చి ఇంట్లో సామాన్ల గదిలో పెట్టింది. చూడబోతే అవి ఉత్త ఉప్పునీళ్లే. కానీ అందులో కంటికి ఆనని జీవులు లక్షల్లో ఉంటాయి. డైనోఫ్లాజెల్లేట్లని పేరు. అది నోరు తిరగక ఆమె భర్త "నీ దీపాలవాళ్లు" అంటాడు. రాత్రిపూట సముద్రంలో అల విరిగినప్పుడు నీలంగా వెలిగేది ఇవే. పగలు మాత్రం వెలగవు. గదిలో పెట్టి తలుపు మూసినా, బయట పగలేనని వాటికి తెలుసు. ఎలా తెలుసన్నదే ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆమె బుర్ర తొలిచేస్తున్న ప్రశ్న.

మ్యూజియానికి జనం వచ్చేది పగలు. అందుకని ఆమె వాటి రోజును తిరగేసింది. రాత్రంతా లైటు వేసి ఉంచితే అదే పగలనుకుంటాయి. పగలు తలుపు మూసేస్తే రాత్రనుకుని వెలుగుతాయి. అనుకున్నది అదీ. తీరా చూస్తే మెరుపు లేదు సరికదా, నీళ్లు పాలిపోతున్నాయి.

ఒక పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి గదిలోకి తొంగిచూస్తే లైటు ఆరి ఉంది. ఎవరి పనో అడగక్కర్లేదు. అందరూ పడుకున్నాక ఇల్లంతా ఓ చుట్టు తిరిగి లైట్లు ఆర్పి రావడం మామగారి అలవాటు. అత్తగారు పోయాక ఆయన మానని పని అదొక్కటే.

"ఏమీ అనకు," అన్నాడు భర్త గొంతు తగ్గించి. "స్విచ్చు మీద టేపు అంటించెయ్. నాన్నని కదిలించకు."

"కదిలిస్తే ఏమవుతుంది?"

"ఏమో. ఇంకా ముడుచుకుపోతే?"

ఆమెకూ అదే భయం. ఉన్న ఆ కాస్త మనిషీ చేజారిపోతే? రోజంతా టేపు పట్టుకుని తిరిగింది. సాయంత్రం దాన్ని సొరుగులో పడేసి, వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, ఆ గదిలో లైటు మీరు రోజూ ఆర్పేస్తున్నారు. వెలుతురు అందక నా సీసాలు చచ్చిపోయేలా ఉన్నాయి."

ఆయన కళ్లెత్తారు. ఇక ఆమె ఆగలేదు.

"వాటి లోపల ఓ గడియారం ఉంటుంది. లైటుతో దాని టైము మారుద్దామని నా తంటాలు నేను పడుతుంటే, మీరొచ్చి చెడగొట్టేస్తున్నారు."

అనవసరంగా అన్నానేమో అనుకుంటూ ఆమె లేవబోయింది.

"గడియారమా?" అన్నారాయన. చాన్నాళ్లకు తీసిన తలుపులా ఉంది ఆ గొంతు. "మరి కీ ఎవరిస్తారమ్మా?"

"ఎవరూ ఇవ్వరు మామయ్యా. అదే నాకూ అంతు చిక్కట్లేదు."

ఆనాటి నుంచి ఆ లైటుకు కాపలా ఆయనే. ఇల్లంతా ఆర్పేవారు, అదొక్కటి తప్ప. పొద్దున్నే సీసాలు ఆ లైటు వైపు పట్టుకుని, నీళ్ల రంగు తిరిగిందో లేదో కళ్లు చికిలించి చూసేవారు. మాట మాత్రం మళ్లీ లేదు.

చివరికి ఓ మిట్టమధ్యాహ్నం పొయ్యి మీద పాలు వదిలేసి ముగ్గురూ గదిలో దూరి తలుపు వేసుకున్నారు. కటిక చీకటి. ఆమె సీసా ఆయన చేతికిచ్చింది. ఏమీ కనిపించలేదు.

"వెలగవేం?" అన్నారాయన.

"ఊరికే ఉంటే వెలగవు మామయ్యా. కదిలించాలి."

ఆయన మణికట్టు తిప్పారు. సీసాలో నీలి వెలుగు గిర్రున తిరిగింది. ఆయన వేళ్లు, మాసిన గడ్డం, నోరు తెరుచుకుని నిలబడ్డ కొడుకు ముఖం కనిపించి మాయమయ్యాయి. ఆయన మళ్లీ తిప్పారు. మళ్లీ తిప్పారు.

"నన్నెందుకు ఎవరూ కదిలించలేదురా?" అని అడిగారు చీకట్లో. "మీ అమ్మ గురించి ఒక్కరన్నా అడుగుతారేమోనని చూశాను."

కొడుకు తడుముకుని తండ్రి భుజం పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు నాన్నా."

ఆయన మొదలుపెట్టారు. పొయ్యి మీద పాలు మాడుతున్న వాసన వచ్చింది. అయినా ఎవరూ తలుపు తీయలేదు.