నా వెలుగులో మునిగిన కేక

నేను ఒక ఎల్‌ఈడీ దీపాన్ని, చేపల పడవలకు బిగించే పెద్ద రకం. నన్ను చేసినవాడి మీద పగ తీర్చుకున్నాకే నోరు విప్పుతున్నాను.

వాడు కృపాకర్, దీపాల కార్ఖానా యజమాని. ఒక పరికరం వెదజల్లే విద్యుత్ రొద పక్క పరికరం పనిని చెడగొట్టకూడదని నిబంధన ఉంది. మాలో మొదట తయారై పరీక్షకు వెళ్లిన దీపానికి, మా పెద్దన్నకు, ఆ రొదను అణిచే రాగి చుట్ట పెట్టించాడు. అన్న నెగ్గాడు. ఆ తర్వాత చుట్ట దండగనుకుని మాలో ఎవరికీ పెట్టలేదు. అన్న సంపాదించిన ముద్ర మాత్రం అందరి వీపునా అంటించాడు. మనుషులు ముద్ర చూస్తారు, లోపలికి చూడరు.

విశాఖ రేవులో గరికిన ఎల్లాజీ నన్ను కొని పడవకు బిగించాడు. అతని తమ్ముడు మాసేను నా వెలుగులో వల సర్దుకుంటూ మురిసిపోయేవాడు. నేను వెలిగితే చాలు, వాళ్ల వైర్‌లెస్ సెట్టు బుసకొట్టేది. సెట్టు పాతబడిందనుకున్నారు.

ఒక సాయంత్రం సముద్రం మీద గాలి ముదిరింది. తిరిగి రమ్మని వేరే పడవవాళ్లు సెట్టులో గొంతు చించుకున్నారు. నా రొదలో ఆ కేక మునిగిపోయింది. అల వచ్చి మాసేనును ఎత్తుకుపోయింది. ఆ కుదుపుకు తీగ తెగి నేను ఆరిపోగానే సెట్టు పలికింది: "ఎల్లాజీ, ఎనక్కొచ్చీరా."

రొద నాదేనని అప్పుడు గ్రహించిన ఎల్లాజీ నన్ను ఊడబెరికి, గోనెలో చుట్టి, పరికరాలను పరీక్షించే ప్రభుత్వ కార్యాలయానికి మోసుకెళ్లాడు. అక్కడి ఇంజనీరు నస్రీన్ నన్ను విప్పి, పరీక్షప్పుడు సీలువేసి దాచిన అన్నను తెచ్చి పక్కన పెట్టింది. నాలో చుట్ట ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

విచారణ రేవులోనే జరిగింది. సముద్రంలో జరిగినదానికి దీపమేం చేస్తుందని కృపాకర్ వాదించాడు. నన్ను మళ్లీ పడవకు బిగించారు. ఎల్లాజీ అతన్ని సెట్టు పక్కన కూర్చోబెట్టి, నస్రీన్‌నూ ఎక్కించుకుని, పడవను తీరానికి దూరంగా పోనిచ్చాడు. ఒడ్డు నుంచి ఒక అధికారి సెట్టులో అతన్ని పిలవాలి. నేను ఒళ్లంతా కసి చేసుకుని వెలిగాను. బుస తప్ప మరేమీ లేదు.

"ఎవరూ పిలవడం లేదే," అన్నాడు కృపాకర్.

ఎల్లాజీ నన్ను ఆర్పాడు. అప్పటికే బొంగురుపోయిన గొంతు వినబడింది: "కృపాకర్ గారూ, కృపాకర్ గారూ..."

"మా తమ్ముడికీ ఇలాగే ఇనబడలేదు బాబూ," అన్నాడు ఎల్లాజీ.



కార్ఖానాకు తాళం పడింది. అతని మీద కేసు నడుస్తోంది. గోదాములోని దీపాలన్నిటినీ అతని కళ్లెదుటే నుగ్గుచేయమన్నారు. నా సాక్ష్యం రాసుకోవడం అయిపోయింది కనుక, పాత ఇనుము గుట్ట పక్కన, యంత్రం ముందు నేనూ వరుసలో ఉన్నాను. నా తోబుట్టువులు పొడి అవుతున్న చప్పుడు నాకు తియ్యగా ఉంది. అతని ముఖం చూస్తే ఇంకా తియ్యగా ఉంది.

ఎల్లాజీ మాత్రం నవ్వలేదు. "పడవల మీదున్నాటి సంగతేటమ్మా?" అని నస్రీన్‌ని అడిగాడు. అవి ఎవరెవరి దగ్గరున్నాయో ఇంకా తేలలేదందామె.

అతను లుంగీ ఎగగట్టి, దీపాలు విప్పే స్పానర్ తీసుకుని, రేవు వైపు నడిచాడు.