చెవిన పడని మాట

రోగి నాలుక కింద సూది గుచ్చే ముందు తావ్ యున్‌ఛిన్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగి మెడ చుట్టూ వేలాడేసుకుంది. వాటిలో ఎవరో మగమనిషి, ఛాతీలో నొప్పి ఎప్పట్నుంచని ఎవరో ఆడమనిషిని ఇంగ్లీషులో సన్నగా అడుగుతూనే ఉన్నాడు. మంచం మీద దిండుకు చేరగిలబడి ఉన్న పాంగ్ అవ్వ డాక్టరమ్మను చూడగానే, పనిచేసే ఎడమచెయ్యి పైకెత్తింది.

“తాబేలు కొడకా!” అంది ఎంతో ఆప్యాయంగా.

“ఆఁ, బాగానే నిద్రపట్టింది అవ్వా. నీకో?”

“తాబేలు కొడకా,” అని నిట్టూర్చింది అవ్వ.

“మోకాలా? చూద్దాం. ముందు నోరు తెరువు.”

చలికాలం మొదట్లో పక్షవాతం వచ్చిన రోజున పాంగ్ అవ్వ నోట్లో మాటలన్నీ ఊడ్చుకుపోయాయి. ఒక్క తిట్టు మిగిలింది. హాన్‌జోంగ్ ఊరి తూర్పుద్వారం దగ్గర ఏళ్ళ తరబడి వేడివేడి మ్యాన్‌పీ అమ్మిన మనిషి ఆమె. ఆవిరి మీద వార్చిన బియ్యప్పిండి పొరలను సన్నటి పట్టీలుగా కోసి, మిరపనూనె చిలకరించి, చేత్తో గిన్నె అందిస్తూ నోటితో బజారంతటినీ నడిపేది. ఇప్పుడు ఆకలైనా, దాహమైనా, కొడుకు మీద ప్రేమైనా, కోడలి మీద కోపమైనా అదే తిట్టు. కొత్తలో నర్సులు నొచ్చుకున్నారు. యున్‌ఛిన్ మాత్రం గొంతులోని ఎగుడుదిగుళ్ళు పట్టుకుని, ఏ తిట్టు మంచినీళ్ళో ఏ తిట్టు మోకాలి నొప్పో చెప్పేయగలిగేది.

ఆ చెవులే ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి రాళ్ళయిపోయేవి.

ఆమె ఆ ఊరి సంప్రదాయ వైద్యశాలలో సూదుల డాక్టరు. పొట్టి మనిషి, వెడల్పాటి అరచేతులు. మాచిపత్రి ధూపం పట్టించీ పట్టించీ వేళ్ళ కొసలు పసుపురంగుకు తిరిగాయి. జుట్టు రబ్బరుబ్యాండులో దూర్చి, మళ్ళీ సాయంత్రం దాకా దాని జోలికి పోయేది కాదు. తెల్లకోటు కుడిజేబు పాఠాలు వినిపించే చిన్న యంత్రం బరువుకు జారిపోయి ఉండేది. ఎడమజేబులో ఇంగ్లీషు మాటలు రాసిన అట్టముక్కలు. సూదులు గుచ్చాక అవి పనిచేసేదాకా రోగి కదలకుండా పడుకోవాలి కదా, ఆ కాసేపూ బోర్లా పడుకున్న వాళ్ళ చేతికే అట్టముక్కలిచ్చి స్పెల్లింగులు అప్పజెప్పేది. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాని రిటైర్డు రైలు డ్రైవరు కూడా, “మొదటిది నిచ్చెనలా ఉంది డాక్టరమ్మా, తర్వాతది గుడ్డు,” అంటూ పరీక్ష పెట్టేవాడు.

వైద్యంలో పరిశోధన డిగ్రీకి వెళ్ళాలంటే ముందు చైనా దేశమంతటికీ ఒకటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. చదవబోయేది రెండువేల ఏళ్ళ నాటి సూదివైద్యమే అయినా సరే. యున్‌ఛిన్ చాలాసార్లు రాసింది. చదివి రాసే భాగాలు ఎలాగో లాక్కొచ్చేది. వినే భాగం మాత్రం ప్రతి ఏడూ ముంచేది. టేపులో మాటలు ఒక్కసారే వస్తాయి. ఆమె మొదటి మాట పట్టుకుని అర్థం వెతుక్కునేలోగా మిగతావి వాగునీళ్ళలా దాటిపోతాయి.

తప్పు ఆమెది మాత్రమే కాదు. ఛిన్‌లింగ్ కొండల మడతల్లో పుట్టింది. తండ్రి ఊరూరా నడిచి మందులిచ్చే పల్లెవైద్యుడు. బడిలో ఇంగ్లీషు చెప్పిన పంతులు ముందురోజు రేడియోలో విన్నది మర్నాడు పిల్లలకు చెప్పేవాడు. బ్యాటరీ అయిపోతే పాఠం ఆగిపోయేది. ఆ తర్వాత నర్సింగు బడి, రాత్రి కళాశాల, సెలవుల్లో పై చదువు. అందరూ మెట్లెక్కిన చోట ఆమె గోడ పట్టుకుని పాకింది. పెళ్ళీ, అత్తగారి చావూ, తన గర్భసంచి ఆపరేషనూ అన్నీ ఏదో ఒక పరీక్షకు అటో ఇటో జరిగాయి. సిటీ బస్సు నడిపే భర్త గువోఛింగ్ ఒకసారి అన్నాడు: “నిన్ను చేసుకున్నానా, చదువుకునే పిల్లని దత్తత తీసుకున్నానా?” అంటూనే ఆమె బూట్లు ఎండలో పెట్టాడు.

పోయిన ఏడు షీఆన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రొఫెసరు ఆమె వైద్యం చూశాడు. మాట పోయినవాళ్ళకు నాలుక కింద గుచ్చే పద్ధతి, ఎవరికి ఏ మాట ముందు తిరిగొచ్చిందో ఆమె గమనించి చెప్పిన తీరు విని, “నా దగ్గరికి రామ్మా. ఇంగ్లీషొక్కటి దాటితే చాలు,” అన్నాడు. కొన్ని మాటలు వెనక్కి రావడమేమిటి, కొన్ని రాకపోవడమేమిటి? పదేళ్ళుగా ఆమెను తొలిచేస్తున్న ప్రశ్న అదే. వయసు పరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. పరీక్ష రేపు షీఆన్‌లో. సాయంత్రం బస్సు.

పాంగ్ అవ్వతో ఇంగ్లీషు స్నేహం అనుకోకుండా కుదిరింది. ఒకరోజు సూదులు గుచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని పాఠం వింటుంటే, అవ్వ చెయ్యి చాపి ఒక ఇయర్‌ఫోను లాక్కుని తన చెవిలో పెట్టుకుంది. అప్పట్నుంచి రోజూ తలలు దగ్గర పెట్టుకుని వినేవాళ్ళు. పాఠాల్లో రోగులంతా మహా మర్యాదస్తులు. ఎలా ఉందని డాక్టరు అడగ్గానే ‘బెటర్’ అంటారు. కొన్ని వారాలకు పొద్దున్నే ముఖం తుడుస్తున్న కోడలు లాయ్‌దీతో అవ్వ గట్టిగా, “బెతర్!” అంది.

లాయ్‌దీ చేతిలో బేసిను కింద పడింది.

“అయ్యో, మా అత్తకి మన మాట రాలేదు గానీ పరదేశి దయ్యాల మాట వచ్చిందే! డాక్టరమ్మా, మిమ్మల్ని నమ్మి తీసుకొస్తే ఇదా చేసేది? రేపు చుట్టాలొస్తే ఈవిడతో ఎవరు మాట్లాడతారు?”

“నువ్వూ నేర్చుకో,” అంది పక్క మంచం మీది ముసలావిడ.

“బెతర్, తాబేలు కొడకా!” అంది అవ్వ రెట్టించి. వార్డంతా పగలబడి నవ్వింది.

ఆ వార్డు చూసే కుర్ర డాక్టరు యాన్‌కు ఇంగ్లీషు నీళ్ళప్రాయం. ఈ సంగతి విని, “అక్కా, మీకంటే అవ్వ ఉచ్చారణే నయం. పరీక్షకి ఆవిణ్ణి పంపండి,” అన్నాడు.

యున్‌ఛిన్ కూడా నవ్వింది. తర్వాత అంది. “అది మాట కాదు యాన్. చిలకపలుకు. ఎవరో అన్నది తిరిగి అనడం వేరు. తనకు తోచి, ఎదుటి మనిషిని చూసి ఒక మాట అనడం వేరు. అలాంటిది ఒక్కటి రానీ, ఎంత చిన్నదైనా సరే. వెనకాల మిగతావి వస్తాయి.”

ఈరోజు అవ్వకు సూదులు తీశాక యున్‌ఛిన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“రేపు ఉండను అవ్వా. పరీక్ష. ఎల్లుండి రాత్రికి వచ్చేస్తా. నువ్వు అల్లరి చెయ్యకు, లాయ్‌దీని తిట్టకు.”

“తాబేలు కొడకా,” అంది అవ్వ గంభీరంగా. ‘నీ పని చూసుకో’ అని దానికి అర్థం.

ఆ తర్వాత పొద్దంతా ఊపిరాడలేదు. మెడ పట్టేసినవాళ్ళు, నడుం జారినవాళ్ళు, ముఖం ఒక పక్కకు లాగిన పెళ్ళికూతురు. మధ్యలో డైరెక్టరుగారు పిలిచి సెలవుచీటీ మీద సంతకం పెడుతూ, “ఏమ్మా తావ్, ఈసారైనా అవుతుందా? అయితే మంచిదే. కాకపోతే ఇక హాయిగా ఉండు, అదీ మంచిదే,” అన్నారు. మంచి మనిషే. ఆ మాట మాత్రం చెప్పులో రాయిలా ఆమెతో కూడా నడిచింది.

మధ్యాహ్నం అందరూ గిన్నెలు పట్టుకుని క్యాంటీనుకు పోతున్న వేళ, ఆమె పాత ప్రశ్నపత్రం టేపు చెవుల్లో పెట్టుకుని వరండాలో నడిచింది. తినాలనిపించలేదు. మూడో వార్డు తలుపు తెరిచే ఉంది. దాటిపోతూ లోపలికి చూసింది. కిటికీలోంచి పడే ఎండలో పాంగ్ అవ్వ కూర్చుని ఉంది. లాయ్‌దీ చెంచాతో అన్నం తినిపిస్తోంది. డాక్టరమ్మను చూసి అవ్వ చెంచాను పక్కకు నెట్టింది. పెదవులు కదిలాయి. చెవుల్లో ఎవరో మూత్రపిండాల గురించి గబగబా చెబుతున్నారు. వాక్యం సగంలో ఉంది. రోజూ వినే తిట్టేగా అనుకుని యున్‌ఛిన్ నవ్వి, చెయ్యి ఊపి, ముందుకు సాగింది. ఆ వాక్యం పూర్తిగా అర్థమయింది. వరండా చివర నిలబడి చిన్నపిల్లలా సంతోషపడింది.

ఎండ వాలాక సూదులగదికి ఒక నర్సు వచ్చింది. పరిగెత్తి రాలేదు, నడిచే వచ్చింది. అందుకే ఆమె నోరు విప్పకముందే యున్‌ఛిన్‌కు తెలిసిపోయింది.

“మూడో వార్డు, తావ్ డాక్టర్. నిద్రలోనే.”

మంచం దగ్గర యాన్ చేతి తొడుగులు విప్పుతున్నాడు. నుదుట చెమట పట్టి ఉంది.

“చాలాసేపు ప్రయత్నించానక్కా. మళ్ళీ మెదడులోనే నరం చిట్లి ఉంటుంది. బాధపడలేదు,” అన్నాడు. గొంతులో వేళాకోళమేమీ లేదు.

అవ్వ కొడుకు బండి మాట్లాడటానికి పోయాడట. లాయ్‌దీ ఏడవడం లేదు. మంచం కింది మూట విప్పి, అత్త ఎప్పుడో ముందే కుట్టించుకున్న నీలం పట్టుబట్టలు బయటికి తీస్తోంది. యున్‌ఛిన్ చేతులు కడుక్కుని వచ్చి సాయం పట్టింది. పడిపోయిన కుడిచెయ్యిని చొక్కా చేతిలోకి ఎలా దూర్చాలో ఆమెకు తెలుసు. రోజూ వంచి చాచిన చెయ్యే. ఇద్దరూ ముఖం తుడిచారు. జుట్టు దువ్వారు. గుండీలు పెట్టడం పూర్తయ్యాక లాయ్‌దీ తల ఎత్తకుండా అంది.

“మధ్యాహ్నం మాట్లాడింది.”

యున్‌ఛిన్ చెయ్యి ఆగిపోయింది.

“ఎవరు?”

“అత్త. మీరు అటు పోతుంటే, మిమ్మల్నే. ‘తిన్నావా?’ అంది. శుభ్రంగా, కొట్టు దగ్గర అడిగినట్టే. నాకు ఒళ్ళు జలదరించింది. ‘డాక్టరమ్మా!’ అని కేకేశాను కూడా. మీ చెవుల్లో ఆ తీగలున్నాయి. మీరు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు.”

“తర్వాత? మళ్ళీ అందా?”

“లేదు. ‘డాక్టరమ్మ సాయంత్రం వస్తారులే, అప్పుడు అడుగుదువుగాని’ అన్నాను. అన్నం మొత్తం తింది. పళ్ళు తీసి గ్లాసులో వేసుకుని పడుకుంది.”

యున్‌ఛిన్ మంచం అంచున కూర్చుంది. ఏ మాట ముందు తిరిగొస్తుందని పదేళ్ళు నోళ్ళలోకి తొంగిచూసింది. వచ్చిన మాట తనకోసం వచ్చింది. ఎవరో తెలియనివాళ్ళ మూత్రపిండాల కబుర్లు వింటూ తను దాటిపోయింది. మెడచుట్టూ వేలాడుతున్న తీగలు తీసి జేబులో కుక్కింది.

నెపం వెయ్యాలని చెప్పిన మాట కాదది. లాయ్‌దీ ఒక్కతే మొయ్యలేక చెప్పింది. లేచి, సంచిలోంచి మూతపెట్టిన గిన్నె తీసింది.

“రాత్రికని తెచ్చుకున్నా. ఇక మేం ఊరికి పోతాం. ఇంతకీ మీరు తిన్నారా?”

“లేదు.”

“మరి తినండి. అడిగిన మనిషికి జవాబు చెప్పాలిగా.”

యున్‌ఛిన్ ఆ మంచం పక్కనే, స్టూలు మీద కూర్చుని, చల్లారిపోయిన అన్నమూ ఊరగాయ ముల్లంగీ ఒక్క మెతుకు మిగల్చకుండా తింది. గిన్నె కింద పెట్టి, నీలం పట్టుబట్టల్లో చిన్నదైపోయిన మనిషి వైపు వంగింది.

“తిన్నాను అవ్వా,” అంది.

“ఇక బయల్దేరండి. బస్సు పోతే ఆవిడ ఊరుకోదు,” అంది లాయ్‌దీ. అప్పుడు ఏడ్చింది.

బస్టాండులో గువోఛింగ్ సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసి, సంచి తనే బస్సులోకి ఎక్కించాడు. ఊరి చివర ఆవపూల పొలాలు చీకటి పడుతున్నా ఇంకా పచ్చగా వెలుగుతున్నాయి. తర్వాత కొండలు, సొరంగాలు మొదలయ్యాయి. దారి పొడుగునా ఆమె ఏమీ వినలేదు. వెనక సీట్లో ఒక తల్లి పిల్లాణ్ణి జోకొడుతోంది. డ్రైవరు ఎవరితోనో ధరల గురించి మాట్లాడుతున్నాడు. అవి మాత్రం వింది.

పరీక్షలో మొదటి సంభాషణ ఒక్క ముక్క చెవికెక్కలేదు. రెండోదానికి సర్దుకుంది. ఎండాకాలంలో ఫలితాలు వచ్చాయి. బొటాబొటిగా గట్టెక్కింది. శరదృతువులో షీఆన్‌కు వెళ్ళి, ప్రొఫెసరు గది పక్కనే ఒక ఇరుకు బల్ల దగ్గర కూర్చుంది. కానీ పరీక్ష రాసి వచ్చిన మర్నాటి ఉదయం ఇదంతా ఆమెకు తెలియదు. కోటు తొడుక్కుని, అలవాటు కొద్దీ ముందు మూడో వార్డుకే వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద ఎవరో కొత్తాయన, విరిగిన కాలితో, గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. నేల తుడిచే ఆవిడ ఆమెను చూసి గడపట్లోనే ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

“వాళ్ళు మరిచిపోయారు తావ్ డాక్టర్. పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు.”

కిటికీ గట్టు మీద, అంచు పెచ్చులూడిన ఎర్రపువ్వుల ఎనామెల్ గ్లాసులో, ఎవరో పొద్దున్నే మార్చిన తేటనీళ్ళ అడుగున, పాంగ్ అవ్వ కట్టుడుపళ్ళు కాస్త తెరుచుకుని ఉన్నాయి.