తింటున్నంతసేపు

"నోరు కట్టుకోమని మీరైనా చెప్పండి మేడమ్" అన్నాడు ఆవిడ భర్త, నా ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంటూ. ఆవిడ ఇంకా తూకం మిషను దిగనే లేదు. తొంభై ఒక్క కిలోలు. మూడు నెలల క్రితమూ అంతే. షుగరు మాత్రం ఇంకాస్త పెరిగింది.

ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లకూ, లావువల్ల షుగరూ బీపీ మోకాళ్ల నొప్పులూ వచ్చినవాళ్లకూ తిండీ నడకా నిద్రా ఎలా మార్చుకోవాలో చెప్పడం నా ఉద్యోగం. ఈవిడ చెప్పింది వినే రకం కాదు, వదిలేయమన్నారు మా క్లినిక్ డాక్టరుగారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఏం తిన్నదీ రాసుకురమ్మని ఇచ్చిన పుస్తకంలో ఆవిడ ఏదీ దాచలేదు. మధ్యాహ్నం మూడింటికి బిస్కెట్లు, పన్నెండు. రోజూ అదే వేళకి, అన్నే. దొంగతిండి తినేవాళ్లు ఇంత శుభ్రంగా రాస్తారా?

రక్తపరీక్ష కాగితాలు తెమ్మని ఆయన్ని కిందికి పంపాను. ఆ మూడింటికి ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు తింటారు అని ఆవిణ్ణి అడిగాను. వింతగా చూసింది. వంటింటి వెనక గదిలో, స్టూలు మీదట. పావుగంట పడుతుందట. ఒక్కొక్కటీ మెల్లగా తింటుందట.

"అంత ఆకలేస్తుందా ఆ టైముకి?"

"లేదండీ." గొంతు తగ్గించింది. "మా ఇంట్లో తింటున్నంతసేపు మాత్రం ఎవరూ పని చెప్పరు. మా అత్తయ్య కూడా, తిననీలే, తిన్నాక చేస్తుంది అంటారు."

పదకొండేళ్లుగా అందరి కేలరీలూ కొలుస్తున్నాను, ఈ సంగతి నాకెందుకు తట్టలేదు? నములుతున్న ఆడదానికి పని ఉన్నట్టు, ఊరికే కూర్చున్నదానికి లేనట్టు. మా ఇంట్లోనూ అంతే కదా. నేను పుస్తకం తెరిస్తే చాలు, "ఖాళీయేగా, ఈ చొక్కా ఇస్త్రీ చెయ్యి" అంటారు మా ఆయన. కూర్చుని కబుర్లు చెప్తే జీతమిచ్చే ఉద్యోగమమ్మా మా కోడలిది అని చుట్టాలతో చెబుతారు మా అత్తగారు, నేను వాళ్లకి కాఫీలు అందిస్తుండగా.

ఆయన తిరిగొచ్చేసరికి చీటీ రాసి క్లినిక్ ముద్ర వేశాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి పావుగంట, గది తలుపు వేసుకుని. ఎవరూ పిలవకూడదు. ఆయన రెండుసార్లు చదివాడు.

"తలుపేసుకుని ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యరు. మాత్ర వేసుకున్నట్టే, ఒక్కరోజు మానకూడదు."

ఆరు వారాల తర్వాత ఆవిడ ఒక్కతే వచ్చింది. ఎనభై ఎనిమిది. షుగరూ దిగింది. మొదట్లో అత్తగారు తలుపు కొట్టారట. డాక్టరు చీటీ అమ్మా అని భర్తే అడ్డుపడ్డాడట. భార్య నోటిమాటకి లేని విలువ ముద్రకి ఉన్నందుకు ఇద్దరమూ నవ్వుకున్నాం, అంత సంతోషంగా కాదు. మొదటి వారం నిద్రపోయిందట. రెండో వారం గోడవంక చూస్తూ కూర్చుందట. మూడో వారం ఏమీ తోచక చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లిందట. ఇప్పుడు ఆ పావుగంట ముప్పావుగంట అయింది. బిస్కెట్లు గుర్తుకే రావడంలేదట.

లేచి వెళ్లబోతూ, దాపరికం లేని కుతూహలంతో అడిగింది. "మీరేం చేస్తారండీ, మీ పావుగంటలో?"

ఏదో ఒకటి చెప్పేయవచ్చు. రోజూ పదిమందికి చెబుతూనే ఉంటాను.

"నాకింకా లేదండీ" అన్నాను. తర్వాత ముద్ర ముందుకు లాక్కుని, కొత్త చీటీ మీద నా పేరు రాయడం మొదలుపెట్టాను.